ఒకే చిప్ మీద నడిచే కారుకు ఆయుష్షు ఎంత?

కారు కొనడానికి వెళ్లినవారికి షోరూమ్‌లో చెప్పే మాటల్లో కొన్నేళ్లుగా ఒక కొత్త అంశం చేరింది. మైలేజీ, హార్స్‌పవర్, ఎయిర్‌బ్యాగుల సంఖ్యతో పాటు ఇప్పుడు చిప్ పేరు కూడా చెబుతున్నారు. 2024 నవంబరులో మహీంద్రా సంస్థ బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ విద్యుత్ కార్లను ఆవిష్కరించినప్పుడు బ్యాటరీతో పాటు వాటిలోని క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ చిప్ గురించి కూడా ఘనంగా చెప్పుకుంది. చిప్ ఎంత వేగవంతమైనదో కొనుగోలుదారుకు తెలుస్తోంది. అది ఎన్నేళ్లు పనిచేస్తుందో, దానికి సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్లు అందుతుందో, అది పోయిన రోజున కారులో ఏమేమి ఆగిపోతాయో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. కార్ల ఎలక్ట్రానిక్స్ అంతా ఒకటి రెండు పెద్ద చిప్‌లలోకి చేరిపోతున్న ఈ దశలో ఆ సమాధానాలు అమ్మకానికి ముందే కాగితం మీదికి రావాలన్నది నా వాదన.

పాత పద్ధతి ఎలా ఉండేదో ముందు చూడాలి. కారులో ఒక్కో పనికి ఒక్కో కంట్రోల్ యూనిట్, అంటే పెట్టెలాంటి చిన్న కంప్యూటర్, ఉంటుంది. ఇంజిన్‌కు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, చివరికి డోర్ అద్దాలకు, సీటు మోటార్లకు కూడా వేర్వేరు యూనిట్లు ఉంటాయి. డ్రైవర్ తన పక్కనున్న బటన్ నొక్కి వెనుక సీటు అద్దం దించితే, చాలా కార్లలో ఆ ఆదేశం ఒక చిన్న సందేశంగా మారి రెండు తీగల మీదుగా వెనుక డోర్‌లోని యూనిట్‌కు చేరుతుంది. ఈ సందేశాల కోసం బాష్ సంస్థ రూపొందించి 1986లో లోకానికి పరిచయం చేసిన క్యాన్ అనే వ్యవస్థే ఇప్పటికీ దాదాపు కార్లన్నింటికీ ఆధారం. కొత్త సౌకర్యం ఒకటి చేర్చాల్సి వచ్చినప్పుడల్లా దానికో కొత్త పెట్టె కొని ఈ తీగలకు తగిలించడం కంపెనీలకు అలవాటైపోయింది. ఫలితంగా ఖరీదైన కార్లలో యూనిట్ల సంఖ్య వంద దాటింది. ఒక్కో పెట్టెను ఒక్కో సరఫరాదారు తయారు చేస్తాడు, లోపలి సాఫ్ట్‌వేర్ కూడా అతనిదే. అందుచేత తన పేరుతో అమ్మే కారులో ఏ ప్రోగ్రామ్ ఏం చేస్తోందో కారు కంపెనీకే పూర్తిగా తెలియని పరిస్థితి ఏర్పడింది.

వైరింగ్ సంగతి ఇంకా కష్టం. ఈ పెట్టెలన్నింటినీ కలిపే తీగల కట్టలను నేటికీ ఎక్కువగా చేతులతోనే అల్లుతారు. 2022లో రష్యా దాడి మొదలై ఉక్రెయిన్‌లోని వైరింగ్ కర్మాగారాలు ఆగిపోయినప్పుడు జర్మనీలో ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ ప్లాంట్లు ఉత్పత్తి నిలిపివేయవలసి వచ్చింది. దీనికి తోడు కెమెరాలు, రాడార్లు వచ్చాయి. సెకనుకు పది లక్షల బిట్ల వేగంతో పనిచేసే పాత క్యాన్ తీగ అద్దాల ఆదేశాలు మోయడానికి సరిపోతుంది గానీ, ఎనిమిది కెమెరాల దృశ్యాలను ఒకచోటికి చేర్చి, ఎదురుగా ఉన్నది మనిషా, స్తంభమా అని రెప్పపాటులో తేల్చే పనికి ఏ మాత్రమూ చాలదు. అలా తేల్చాలంటే ఆ దృశ్యాలన్నీ ఒకే కంప్యూటర్ ముందుకు రావాలి.

కాబట్టి కేంద్రీకరణకు బలమైన కారణాలే ఉన్నాయి. టెస్లా 2019 ఏప్రిల్‌లో తానే రూపొందించుకున్న చిప్‌ను ప్రకటించింది. ఒకటి విఫలమైతే రెండోది పని చేసేలా ఒకే బోర్డు మీద అలాంటి చిప్‌లు రెండు పెట్టింది. ఎన్విడియా 2022 సెప్టెంబరులో ప్రకటించిన థోర్ చిప్, క్వాల్‌కామ్ 2023 జనవరిలో ప్రకటించిన స్నాప్‌డ్రాగన్ రైడ్ ఫ్లెక్స్ మరో అడుగు ముందుకు వేశాయి. డ్రైవర్ ముందున్న తెరలు, పాటలు, మ్యాపులు ఒకవైపు, లేన్ తప్పకుండా చూసి అవసరమైతే బ్రేకు వేసే వ్యవస్థ మరొకవైపు, ఈ రెండింటినీ ఒకే చిప్ మీద నడపడం వాటి ఉద్దేశం. అమెరికాకు చెందిన రివియన్ 2024లో తన ఆర్1 వాహనాల్లో తాను రూపొందించే కంట్రోల్ యూనిట్లను 17 నుంచి 7కు తగ్గించి, ఒక్కో వాహనంలో 1.6 మైళ్ల తీగను ఆదా చేశానని ప్రకటించింది. సొంత సాఫ్ట్‌వేర్ విభాగం పెట్టుకుని, ఆలస్యాలతో విసిగిపోయిన ఫోక్స్‌వాగన్ అదే ఏడాది ఆ చిన్న కంపెనీతో వందల కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఇంత పెద్ద సంస్థ అంత చిన్న సంస్థ గడప తొక్కిందంటే పాత నిర్మాణంతో ముందుకు పోలేమన్న సంగతి పరిశ్రమకు బాగా అర్థమైందనే అనుకోవాలి.

అన్నీ ఒకచోట చేరితే ప్రమాదం కూడా ఒకచోట చేరదా అన్నది చాలామందికి తోచే మొదటి సందేహం. అది న్యాయమైనదే. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలాసెక్ అనే ఇద్దరు పరిశోధకులు హైవే మీద వెళుతున్న ఒక జీప్ చెరోకీలోకి మొబైల్ నెట్‌వర్క్ గుండా చొరబడ్డారు. వారు మైళ్ల దూరంలో ఒక ఇంట్లో కూర్చుని ఉన్నారు. ముందు రేడియో, వైపర్లు వారి చేతికి చిక్కాయి, ఆ తర్వాత యాక్సిలరేటర్ నొక్కినా కారు కదలకుండా చేయగలిగారు. పాటలు వినిపించే యూనిట్ ద్వారా లోపలికి వచ్చి, దాని పక్కనున్న మరో చిప్ ప్రోగ్రామ్‌ను మార్చి, అక్కడి నుంచి క్యాన్ తీగ మీదికి ఆదేశాలు పంపారు. ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలను రీకాల్ చేయవలసి, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలవవలసి వచ్చింది. ఆ జీప్‌లో కేంద్రీకృత చిప్ లేదన్నది ఇక్కడ గమనించాలి. పెట్టెలు విడివిడిగా ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదని, వాటి మధ్య ఎవరు ఎవరికి ఆదేశం ఇవ్వవచ్చన్న కట్టుబాటే అసలు రక్షణ అని ఆ ఘటన తేల్చింది.

ఆ కట్టుబాటును ఒకే చిప్ లోపల అమలు చేయడం కష్టమే గానీ అసాధ్యం కాదు. హైపర్‌వైజర్ అనే పొర చిప్‌లోని మెమరీని, ప్రాసెసర్ సమయాన్ని గదులుగా విభజిస్తుంది. పాటల యాప్ కుప్పకూలినా బ్రేకుల గదిలోకి దాని ప్రభావం రాకూడదు. భద్రతకు కీలకమైన లెక్కలను చిప్‌లోని రెండు కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఒకేసారి చేసి, ఫలితాలు ఒకటేనా అని సరిచూసుకుంటాయి. వాహన ఎలక్ట్రానిక్స్ భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 26262 ప్రమాణం ఏ పనికి ఎంత కట్టుదిట్టమైన రుజువు కావాలో అంచెలవారీగా నిర్దేశిస్తుంది. సైబర్ భద్రత, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లపై ఐక్యరాజ్యసమితి వేదిక రూపొందించిన 155, 156 నిబంధనలు 2021లో అమల్లోకి వచ్చాయి. 2024 జులై నుంచి ఐరోపా సమాఖ్యలో ప్రతి కొత్త వాహనానికీ అవి తప్పనిసరి. ఈ సమస్యకు ఒక ప్రమాణం ఉంది, దాన్ని పరీక్షించే పద్ధతి ఉంది, పరీక్షించే నిపుణులూ ఉన్నారు. అందుకే నా ఆందోళన దీని గురించి కాదు.

ఆందోళన కాలం గురించి. చిప్ పరిశ్రమ కాలం వేరు, కారు కాలం వేరు. ఎన్విడియా 2021 ఏప్రిల్‌లో అట్లాన్ అనే చిప్‌ను 2025 నాటి కార్ల కోసమంటూ ప్రకటించింది. ఏడాదిన్నర తిరగకముందే దాన్ని పక్కన పెట్టి థోర్‌ను ముందుకు తెచ్చింది. ఒక్క కారులోనైనా ఎక్కకుండానే ఒక తరం చిప్ ముగిసిపోయింది. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే ఇంకా నడపవచ్చు. ఈ రెండు కాలాలు ఢీకొన్నప్పుడు ఏం జరుగుతుందో ఊహించుకోవలసిన పని లేదు, ఇదివరకే జరిగింది.

2018 మార్చికి ముందు తయారైన టెస్లా మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లలో మధ్యనున్న పెద్ద తెరను నడిపే కంప్యూటర్‌కు 8 గిగాబైట్ల ఫ్లాష్ మెమరీ చిప్ ఒకటి ఉండేది. ఫ్లాష్ మెమరీ స్వభావమే అంత, ప్రతిసారి చెరిపి రాసినప్పుడు దాని కణాలు కొంచెం అరుగుతాయి. ఆ చిప్ తట్టుకోగలిగింది సుమారు 3,000 సార్లు. కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ దాని మీద రాత జరుగుతూ ఉండటంతో అయిదారేళ్లకు ఆ ఓపిక అయిపోయేది. అప్పుడు తెర నల్లబడేది. తెరతో పాటు వెనుక కెమెరా దృశ్యం పోయేది, అద్దం మీది మంచును కరిగించే ఏర్పాటును మార్చే వీలు పోయేది, ఇండికేటర్ శబ్దం పోయేది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2021 జనవరిలో రీకాల్ చేయాలని లేఖ రాసింది. దానికి టెస్లా ఇచ్చిన సమాధానం ఈ చర్చ మొత్తంలో కీలకమైన పత్రమని నేను భావిస్తాను. ఇటువంటి భాగాలు వాహనం ఉపయోగపడినంత కాలం పనిచేసేలా రూపొందించడం సాంకేతికంగా కాకపోయినా ఆర్థికంగా సాధ్యం కాదని ఆ సంస్థ వాదించింది. అలా వాదిస్తూనే సుమారు 1,35,000 కార్లను రీకాల్ చేయడానికి ఒప్పుకుంది.

ఆ కార్లలో స్టీరింగ్, బ్రేకులు ఆ తెర కంప్యూటర్ మీద ఆధారపడలేదు కాబట్టి మెమరీ అరిగిపోయినా కారు నడిచింది. రైడ్ ఫ్లెక్స్, థోర్ వంటి చిప్‌లు చెరిపేస్తున్నది సరిగ్గా ఆ విభజననే. అరిగిపోయే భాగం ఒకటి చాలు, ఒకే బోర్డు మీద ఉన్న వినోదం, భద్రత రెండూ ఒకే రోజున సర్వీస్ సెంటర్‌కు చేరవచ్చు. హార్డ్‌వేర్ బాగానే ఉన్నా సామర్థ్యం చాలకపోవడం మరో రకం వార్ధక్యం. తాను అప్పుడు తయారు చేస్తున్న కార్లన్నింటిలో పూర్తి స్వయంచాలనకు అవసరమైన హార్డ్‌వేర్ ఉందని టెస్లా 2016 అక్టోబరులో ప్రకటించింది. ఆ తర్వాత వచ్చిన 2019 నాటి కంప్యూటర్‌ను కూడా, ఆ సౌకర్యానికి డబ్బు చెల్లించినవారి కార్లలో, మార్చక తప్పదని 2025 జనవరిలో ఎలాన్ మస్క్ స్వయంగా అంగీకరించారు.

మన రోడ్ల మీద ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. వాహనాల చిప్‌లను ఫోన్ల చిప్‌ల కంటే ఎక్కువ వేడి తట్టుకునేలా, 105 లేదా 125 డిగ్రీల వరకు పరీక్షిస్తారన్నది నిజం. అయినా ఎలక్ట్రానిక్స్‌కు వేడి వయసును తగ్గిస్తుందన్నది కూడా అంతే నిజం. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు కింద ఏళ్ల తరబడి ఉండే బోర్డుకూ, చల్లని దేశంలో గ్యారేజీలో ఉండే బోర్డుకూ ఒకే ఆయుష్షు ఉంటుందని అనుకోలేం. పైగా ఇక్కడ ఒక కారు ఒకే యజమానితో ముగిసిపోదు. మొదటి యజమాని అయిదేళ్లకు అమ్మితే, రెండో యజమాని మరో అయిదేళ్లు, ఆ తర్వాత చిన్న పట్టణంలో మూడో యజమాని ఇంకొన్నేళ్లు నడుపుతారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయేదీ, మెమరీ అరిగిపోయేదీ, బోర్డు మార్చే ఖర్చు కారు ధరతో పోటీ పడేదీ ఈ రెండో, మూడో చేతుల్లోనే. వారంటీ కాగితం మీద సంతకం చేసింది మొదటి యజమాని, భారం మోసేది మూడో యజమాని.

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల డోర్ యూనిట్ పాడైతే మరో కారు నుంచి తీసింది బిగించి, స్కానర్‌తో ఫాల్ట్ కోడ్ చెరిపి పంపించే పద్ధతి ఉంది. కేంద్ర కంప్యూటర్ బోర్డుతో అలా కుదరదు. బోర్డు మార్చాక కంపెనీ సర్వర్ గుర్తిస్తే తప్ప కారు స్టార్ట్ కాని ఏర్పాటు చేయడం ఇప్పుడు సులభం. దొంగతనాల నివారణకు, భద్రతకు అది కొంత అవసరం కూడా. అయితే ఆ తాళం చెవి పూర్తిగా కంపెనీ దగ్గరే ఉంటే మరమ్మతు ధరను నిర్ణయించేది కూడా ఆ కంపెనీ ఒక్కటే అవుతుంది.

చట్టం ఎక్కడుందో చూద్దాం. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం లోపమున్న వాహనాలను రీకాల్ చేయమని ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. దానికి నియమాలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. ఫిర్యాదులు నిర్దేశిత సంఖ్యను దాటి ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశిస్తే కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. అయితే ఈ నియమాలు ఏడేళ్ల లోపు వాహనాలకే వర్తిస్తాయి. టెస్లా రీకాల్ చేసిన కార్లలో మొదటివి 2012లో తయారైనవి, అంటే 2021 నాటికి వాటి వయసు ఎనిమిదేళ్లు దాటింది. అవే కార్లు మన రోడ్ల మీద ఉండి ఉంటే వాటిలో పాతవి రీకాల్ పరిధిలోకే వచ్చేవి కావు. కాలం గడిచినకొద్దీ బయటపడే లోపాలకు ఏడేళ్ల గడువు పెట్టడమంటే అసలు లోపం కనిపించే సమయానికి తలుపు మూసేయడమే. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇచ్చే ప్రభుత్వం రీకాల్ బాధ్యతను ఏడేళ్లకే ముగించడానికి ఇంజిన్ల కాలంలో ఏదో ఒక సమర్థన ఉండి ఉండవచ్చు గానీ, ఈ కొత్త కార్ల విషయంలో నాకు ఏ సమర్థనా కనిపించడం లేదు.

సరఫరా విషయం క్లుప్తంగా చెప్పుకోవాలి. 2021 సెప్టెంబరులో చిప్‌ల కొరత వల్ల మారుతీ సుజుకీ ఉత్పత్తి మామూలులో 40 శాతానికి పడిపోయింది. అప్పుడు కరువైనవి చాలావరకు పాత తరం చౌక చిప్‌లు. పెద్ద చిప్‌లోకి మారితే ఆ బెడద పోతుందని కొందరు అంటారు. 2025 అక్టోబరులో నెక్స్‌పీరియా సంస్థ విషయంలో నెదర్లాండ్స్, చైనాల మధ్య తలెత్తిన వివాదం వల్ల అతి చౌకైన డయోడ్లు, ట్రాన్సిస్టర్లు అందక కార్ల కర్మాగారాలు ఇబ్బంది పడ్డాయి. కాబట్టి చిన్నవాటి మీద ఆధారం పోలేదు, దానికి తోడు పెద్ద చిప్ కోసం తైవాన్, కొరియాల మీద ఆధారం పెరిగింది. ధొలేరాలో టాటాలు కడుతున్న 91,000 కోట్ల రూపాయల కర్మాగారం 28 నానోమీటర్లు (చిప్ తయారీ ఎంత సూక్ష్మమో చెప్పే కొలమానం), అంతకు పైబడిన చిప్‌ల కోసం. వాహనాలకు అవి ఎంతో అవసరమే గానీ కేంద్ర కంప్యూటర్లు అంతకంటే చాలా సూక్ష్మమైన తయారీని కోరతాయి. పదేళ్ల తర్వాత పాడైన బోర్డుకు బదులు మరొకటి కావాలంటే ఆ పాత చిప్‌ను అప్పుడెవరు తయారు చేస్తారన్నది అందుకే ముఖ్యం.

తెలుగువారికి ఈ వ్యవహారం దూరపు సంగతి కాదు. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్‌కు పెద్ద ప్రాంగణం ఉంది, ఎన్విడియాకు, వాహన విడిభాగాల దిగ్గజం జెడ్‌ఎఫ్‌కు కేంద్రాలున్నాయి, హ్యుందాయ్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే తిహాన్ వేదిక 2022లో ప్రారంభమైంది. పెనుకొండలో కియా కార్లు తయారవుతున్నాయి. మెమరీ ఎన్నేళ్లకు అరుగుతుందో, ఏ ఉష్ణోగ్రతలో చిప్ వేగం తగ్గించుకుంటుందో ముందుగా లెక్కగట్టడం ఇలాంటి ఇంజినీర్ల వృత్తిలో భాగం. ఆ లెక్క ఉంటుంది. కొనేవారికి చేరడం లేదంతే.

చేయవలసింది అసాధ్యమైనదేమీ కాదు. ప్రతి కొత్త మోడల్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే కేంద్ర కంప్యూటర్‌కు భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో, బదులు బోర్డు ఎన్నేళ్లు దొరుకుతుందో కంపెనీ చేత లిఖితపూర్వకంగా తీసుకుని, ఆ గడువును మైలేజీ లాగే అమ్మకపు కాగితం మీద ముద్రించాలి. బోర్డును కారులో సగం విప్పకుండా మార్చగలిగేలా అమర్చమని కోరాలి. అది సాధ్యమేనని వోల్వో చూపింది. తన ఈఎక్స్90 కార్లలో మొదట పెట్టిన కంప్యూటర్ స్థానంలో మరింత శక్తిమంతమైనదాన్ని ఇప్పటికే కొన్నవారికి ఉచితంగా అమరుస్తానని 2025లో ఆ సంస్థ ప్రకటించింది. కోటి రూపాయల స్థాయి కారు కొన్నవారికి దక్కిన ఈ మర్యాద పది లక్షల కారు కొన్నవారికి హక్కుగా దక్కాలంటే కంపెనీల సౌజన్యం మీద ఆధారపడి కుదరదు, నియమంలో రాయాలి. దానికి తొలి అడుగుగా, భద్రతా వ్యవస్థలు నడిపే కంప్యూటర్ల వరకైనా, రీకాల్ నియమాల్లోని ఏడేళ్ల పరిమితిని తీసేసి రిజిస్ట్రేషన్ గడువుతో సమానం చేయవచ్చు. ఇలాంటి చిప్‌లతో మన దగ్గర అమ్ముడైన మొదటి కార్లకు ఏడేళ్లు నిండేలోగా ఆ సవరణ జరగాలి.