సవరణ: పాత రిపాజిటరీల బ్రాంచ్ పేరు దానంతటదే మారదు

సాఫ్ట్‌వేర్‌లో వాడే మాస్టర్ (యజమాని), స్లేవ్ (బానిస) లాంటి పదాలు మార్చాలా వద్దా అన్న నా గత పోస్టులో ‘గిట్‌హబ్ 2020లోనే మెయిన్‌కి మారిపోయింది’ అని ఉంది. అంటే కోడ్ దాచుకునే ఆ సైట్‌లో ప్రధాన బ్రాంచ్‌కి (కోడ్ అసలు ప్రతికి) దానంతటదే వచ్చే పేరు ‘మాస్టర్’ నుంచి ‘మెయిన్’ అయిందని. అది చదివి మాదాపూర్‌లో పనిచేసే మిత్రులు కొందరు తమ పాత కోడ్ సంగతేంటని టెన్షన్ పడ్డారు. 2020 అక్టోబర్ 1 నుంచి కొత్తగా తెరిచే రిపాజిటరీలకే (ఒక ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) ఆ మార్పు వర్తిస్తుంది. పాతవి మనం మారిస్తేనే మారతాయి. మార్చేముందు, కోడ్‌ను సర్వర్‌కి పంపే డిప్లాయ్ స్క్రిప్టుల్లో పాత బ్రాంచ్ పేరు ఎక్కడెక్కడ ఉందో వెతికి పెట్టుకోండి. ఒక్కచోట మిగిలిపోయినా బిల్డ్ ఆగిపోవచ్చు.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో అలా కాదు. 8.0.22 వెర్షన్‌లో ‘షో రెప్లికా స్టేటస్’ అనే కొత్త కమాండ్ వచ్చింది, 8.4కి వచ్చేసరికి పాత ‘షో స్లేవ్ స్టేటస్’ను పూర్తిగా తీసేశారు. మానిటరింగ్ స్క్రిప్టులో పాతదే ఉంటే ఎర్రర్ వస్తుంది.

నా అభిప్రాయంలో మాత్రం మార్పు లేదు. పేరు మారిస్తే వివక్ష పోతుందా అని కామెంట్లలో అడిగారు. పోదు. కానీ వెట్టిచాకిరీ చేసిన కుటుంబాల పిల్లలు ఇవాళ హైదరాబాద్‌లో మన పక్క సీట్లో కూర్చుని కోడ్ రాస్తున్నారు. వాళ్లచేత రోజూ ‘స్లేవ్’ అని టైప్ చేయించాల్సిన అవసరం ఏ సర్వర్‌కీ లేదు.

పాత పోస్టులో ఆ వాక్యం సరిచేశాను.