వెయిటింగ్ హాల్లో ఉన్నవారిని మళ్లీ మళ్లీ చూడాలి

2008 సెప్టెంబరులో బ్రయన్ సింక్లెయిర్ అనే 45 ఏళ్ల ఆదివాసి, రెండు కాళ్లూ లేని మనిషి, క్లినిక్ డాక్టరు ఇచ్చిన ఉత్తరం పట్టుకుని కెనడాలోని విన్నిపెగ్ హెల్త్ సైన్సెస్ సెంటర్ ఎమర్జెన్సీకి వచ్చాడు. 34 గంటల పాటు చక్రాల కుర్చీలోనే ఉండి, ఎవరూ పరీక్షించకుండానే అక్కడే ప్రాణం విడిచాడు. మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ ఉంది. మూత్రం గొట్టం మార్చి యాంటీబయాటిక్ ఇస్తే తగ్గే జబ్బు అది. ఆయన వాంతి చేసుకోవడం తోటివారు చూశారు, సిబ్బందికి చెప్పారు కూడా. తాగి ఉన్నాడనో, చలికి తలదాచుకోవడానికి వచ్చాడనో కొందరు సిబ్బంది అనుకున్నారు. 2014లో విచారణ నివేదిక 63 సిఫారసులు చేసింది.

కెనడాలో ట్రయాజ్ పద్ధతి, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే పద్ధతి, రోగులను ఐదు స్థాయులుగా విభజిస్తుంది. మూడో స్థాయి వారిని 30 నిమిషాల్లో డాక్టరు చూడాలని, ఆలస్యమైతే ప్రతి అరగంటకూ నర్సు వచ్చి మళ్లీ పరీక్షించాలని ఆ పద్ధతే చెబుతోంది. మొదట వేసిన అంకె ఆ క్షణానికి సంబంధించినదే తప్ప ఆ రాత్రంతటికీ కాదు. ఆచరణలో మాత్రం ఆ అంకెతోనే రోగి గంటల తరబడి కూర్చుంటున్నాడు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండడానికి కెనడా ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చిన మా అత్తయ్యగారిని ఒక రాత్రి ఎమర్జెన్సీకి తీసుకువెళ్లాం. నొప్పి పదికి ఎంత అని నర్సు అడిగితే, "ఓర్చుకోగలనమ్మా, గ్యాస్ అయ్యుంటుంది" అన్నారావిడ. నేనూ అదే మాటను ఇంగ్లీషులో చెప్పాను. మూడో గంటకు ఆవిడ కొంగుతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టారు. బయట మంచు కురుస్తోంది, హాల్లో అందరూ కోట్లు వేసుకునే ఉన్నారు, ఆవిడ జాకెట్టు మాత్రం చెమటకు తడిసిపోయింది. రెండుసార్లు కౌంటరు దగ్గరికి వెళ్లాను, పిలుస్తాం కూర్చోమన్నారు. మూడోసారి ఒక నర్సు లేచి వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, మరుక్షణమే లోపలికి తీసుకువెళ్లింది. గుండెపోటని తేలింది. ఆవిడ బతికారు. ఆ నర్సు లేవకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు.

ఇందులో నర్సులను తప్పుపట్టడం న్యాయం కాదు. వార్డులో చేరవలసిన రోగులకు పైన బెడ్లు ఖాళీ లేక, వారు ఎమర్జెన్సీ బెడ్లలోనే ఉండిపోతున్నారు. పైన బెడ్లు ఖాళీ కాకపోవడానికి, జబ్బు నయమైనా వృద్ధాశ్రమాల్లోనో ఇంటి దగ్గరో సంరక్షణ దొరకక వార్డుల్లోనే ఉండిపోతున్న వృద్ధులు ఒక పెద్ద కారణం. 2022లో వెలువడిన ఇంగ్లండ్ అధ్యయనం ప్రకారం, వార్డుకు మార్చడం 6 నుంచి 8 గంటలు దాటి ఆలస్యమైన ప్రతి 82 మందికీ ఒక అదనపు మరణం సంభవిస్తోంది. కాబట్టి వృద్ధుల సంరక్షణకు ఇచ్చే నిధులను ఎమర్జెన్సీ నిధులుగానే చూడాలని మన ప్రాంతీయ శాసనసభ్యులను గట్టిగా అడగాలి.

బెడ్లు పెరగడానికి ఏళ్లు పడుతుంది. వెయిటింగ్ హాల్లో తిరిగి చూడడానికే ఒక నర్సును నియమించడానికి మాత్రం అన్నేళ్లు అక్కర్లేదు. అలాగే, రోగి పరిస్థితి దిగజారుతోందని కుటుంబం భావిస్తే వేరే వైద్య బృందం వచ్చి చూడాలని కోరే మార్గం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో రయన్స్ రూల్ పేరుతో 2013 నుంచి ఉంది. ఇంగ్లండ్ ఆసుపత్రులు 2024లో మార్తాస్ రూల్ పేరుతో అలాంటి దాన్నే ప్రారంభించాయి. రెండూ బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల పోరాటం వల్ల వచ్చినవే. కెనడాలో ప్రతి ఎమర్జెన్సీ గోడ మీద అలాంటి ఒక ఫోన్ నంబరు కనిపించాలి.

ఈలోగా మన పెద్దల తరఫున మాట్లాడేవారికి ఒక మనవి. "ఓర్చుకోగలను" అన్న మాటను అనువదించి ఊరుకోకండి. చెమట, ఆయాసం, రంగు మారడం వంటివి ఏ సమయానికి కనిపించాయో కాగితం మీద రాసి, మార్పు వచ్చిన ప్రతిసారీ ఆ కాగితంతో కౌంటరు దగ్గరికి వెళ్లి, మళ్లీ పరీక్షించమని అడగండి.