బూజు గారికి, ఒక కెనడా పెరటి నుంచి

మహారాజరాజశ్రీ బొట్రైటిస్ సినీరియా గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. మీరు క్షేమమా అని అడగక్కర్లేదు, నా మూడో మొక్క నడినెత్తిన ఉన్న పూల గుత్తి చూస్తే చాలు, దినదినాభివృద్ధి చెందుతున్నారు.

ముందు ఒక సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం మన ఊళ్లలో వాళ్లు కూడా చదువుతారు. నేనుండేది బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్ పక్కన సర్రేలో. 2018 అక్టోబరు 17 నుంచి కెనడాలో గంజాయి చట్టబద్ధం, మా రాష్ట్రంలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు (ఇంటికి నాలుగు, మనిషికి కాదు, మా బావమరిది ఈ లెక్క ఇప్పటికీ ఒప్పుకోడు). ఇండియాలో ఇదే పని చేస్తే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద జైలే, కాబట్టి ఎవరూ ఇది చదివి మిద్దె మీద కుండీలు సర్దకండి.

ఇక మన గొడవ. ఇది విత్తనాల ప్యాకెట్ దగ్గర మొదలైంది. ఇండికా అనే గంజాయి రకం వాటా ఎక్కువ, పొట్టి మొక్క, పూత త్వరగా ముగుస్తుంది, చలికీ తేమకీ భేష్ అని రాశారు దాని మీద. అందులో సగం నిజం, ఆ సగంతోనే అమ్మేస్తారు. ఇవాళ షాపుల్లో ఇండికా పేరుతో దొరికే ఈ వెడల్పాకుల పొట్టి రకాల పూర్వీకులు హిందూకుష్ కొండల వైపు, అఫ్గానిస్తాన్ పొడిగాలిలో పెరిగినవి. అక్కడ చలి ముంచుకొస్తుంది కాబట్టి గబగబా పూసి పని ముగించుకోవడం వాటికి అలవాటు, ఆ తొందర మాకూ పనికొస్తుంది, పొడుగాటి సన్నాకుల రకాలైతే నవంబరు వానల్లో కూడా ఇంకా పూస్తూనే నిలబడతాయి. కానీ పొడిగాలిలో గుత్తిని ఎంత ఒత్తుగా కట్టుకున్నా అడిగేవాడు లేడు. ఇక్కడ మీరున్నారు.

మీ టైమింగ్‌కి మాత్రం దండం పెట్టాలి. జూలై, ఆగస్టుల్లో మా దగ్గర చుక్క పడదు, పైపు పట్టుకుని నీళ్లు పెట్టేది నేను, అప్పుడు మీరు కంటికి కనబడరు. రాత్రులు పొడుగవుతుంటే మొక్క పూతకొస్తుంది, సెప్టెంబరులో గుత్తులు బలుస్తాయి, చూసుకుని మురిసిపోయి ఫొటోలు తీసి స్నేహితులకు పంపుకునేది అప్పుడే, సరిగ్గా ఆ తర్వాత ముసురు పడుతుంది. ఉరుములూ మెరుపులూ ఏమీ ఉండవు, పొద్దస్తమానం సన్నగా తుంపర, తెల్లారేసరికి మంచు, 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ చల్లదనం. పైన ఆకులు ఎలాగోలా ఆరతాయి గానీ గుత్తి లోపల తడి మాత్రం తడిసిన పత్తి బస్తాలో లాగా అలాగే ఉండిపోతుంది. ఇంకేం కావాలి మీకు, పడక ఎక్కడ వేసుకోవాలో కూడా వెతుక్కోనక్కర్లేదు.

పోనీ బయట కనబడేలా వస్తారా అంటే అదీ లేదు. పచ్చటి గుత్తి మధ్యలో ఒకే ఒక్క చిన్న ఆకు పసుపుపచ్చగా వాడిపోతుంది, అంతే మీ విజిటింగ్ కార్డు. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు, లాగకుండానే ఊడి చేతికొస్తుంది, ఆకు మొదలు దగ్గర గోధుమరంగు మెత్తదనం ఉంటుంది. గుత్తిని విప్పి చూస్తే కాడ దాకా కుళ్లు, దాని మీద బూడిదరంగు నూగు, వేలు తగిలితే పొగలా లేచేవి మీ సిద్ధబీజాలు (మీకు విత్తనాల్లాంటివి), అవి పక్క గుత్తి మీదికి పోతుంటే నోరు తెరుచుకుని చూస్తూ నిలబడాలి. ఒకోసారి గుత్తిలో దూరిన చిన్న గొంగళిపురుగు కొరికి, అక్కడే రెట్టలు వేసి మీకు తలుపు తీసిపెడుతుంది. ఇద్దరూ మాట్లాడుకునే వస్తారేమో అని నా అనుమానం.

ఇందులో ప్రభుత్వం వారి సాయం కూడా తక్కువేం కాదు. మొక్కలు రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడకూడదని మా రాష్ట్రం రూలు. సరే అని చుట్టూ పొడుగు చెక్కల కంచె కట్టించాను, రూలు పాటించినట్టయింది, గాలి ఆగిపోయింది. మా వియ్యాలవారు దిగినా ఇంత మర్యాద చేయించలేను. పక్కింటాయన, పాపం మంచివాడే, పాలు నీళ్లలో కలిపి కొట్టమన్నాడు. అది ఆకుల పైన తెల్లగా పరుచుకునే బూడిద తెగులుకు చేసే వైద్యం అండీ, మీరు వేరే శాఖ. మీకు గిట్టనివి చప్పటి పనులు మాత్రమే: లోపలి ఆకులు గిల్లి గాలాడనివ్వడం, వాన పడకుండా పైన కప్పు, పొద్దున్నే కొమ్మలు పట్టుకుని నీళ్లు దులపడం, గుత్తులు ఇంకో వారం బలవనిద్దాం అనే ఆశ చంపుకుని ముందే కోసేయడం. ఆ చివరిది చేయగలిగిన మగాడు మా వీధిలో ఒక్కడూ లేడు.

మాది పాలమూరు వైపు. ఫోన్లో గొడవంతా చెబితే (మొక్క పేరు చెప్పలేదు) నాన్న మధ్యలోనే అందుకుని, "గెల ఒత్తుగా ఉంటే ముసురుకు ఆగదురా" అన్నారు. ఆయన చెప్పేది ఆముదం గురించి. తుపాను ముసురుకు ఆముదం గెలల మీద లేచే కాయకుళ్లు తెగులు మీ వేలువిడిచిన మేనమామ పనే అని తర్వాత తెలిసింది, జాతి వేరు గానీ బుద్ధి అదే, ఒత్తు గెల కనబడితే వదలడు, కాయలు ఎడంగా ఉంటే కాస్త నయం. ఇంత దూరం విమానం ఎక్కి వచ్చినా మీ బంధువర్గం తప్పలేదు.

మీ గొప్పతనం నాకు తెలియక కాదు. 2012లో ఒక పరిశోధన పత్రిక శాస్త్రవేత్తలను ఓట్లు అడిగి మొక్కల శిలీంద్రాలకు ర్యాంకులిస్తే వరి అగ్గితెగులు ఫస్టు, మీరు సెకండు. ఫ్రాన్సులో సోటెర్న్ అనే చోట పొద్దుటి మంచులో మీరు ద్రాక్షల మీద వాలాలని తోటల వాళ్లు ఎదురుచూస్తారట, మీరు కుళ్లబెట్టిన పండుతో తియ్యటి వైన్ చేసి బోలెడు ధరకు అమ్ముతారు. అక్కడ మీరు వరం, ఇక్కడ మీరు పట్టిన గుత్తి గ్రీన్ బిన్‌కి (తడిచెత్త డబ్బాకి) తప్ప ఎందుకూ పనికిరాదు. బూడిదరంగు ముక్క కోసేసి మిగతాది వాడుకోవచ్చు కదా అని మా బావమరిది వాదన. కనబడని చోట కూడా మీరుంటారు, బూజు పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చుకోవడమేంట్రా అంటే అలిగాడు.

వచ్చే ఏడాదికి వదులు గుత్తుల రకం ఆర్డర్ పెట్టాను. ప్యాకెట్ మీద "బూజును తట్టుకుంటుంది" అని ఉంది, ఫొటో మాత్రం ఎర్రటి ఎండలో తీసినట్టుంది. ఈలోపు మీకు కాలక్షేపానికి మా ఆవిడ స్ట్రాబెర్రీ మడి ఉంది, జూన్‌లో కాస్తుంది, మీకు అవీ ఇష్టమేనని విన్నాను. ఈ ఉత్తరం సంగతి ఆవిడకు చెప్పకండి.

ఇట్లు,
నాలుగు మొక్కల రైతు
(ప్రస్తుతం రెండున్నర)