కుజుడికి పులుసు పడదు

విజయనగరం నగల దుకాణాల్లో ఇప్పుడు తూకం యంత్రం పక్కన పంచాంగం కూడా ఉంటోంది. వెండి పట్టీలు కొందామని వెళ్లినా పుట్టిన తేదీ చెప్పందే వదలడం లేదు. ఏ తేదీ చెప్పినా రోగం ఒకటే, కుజుడు, అంటే అంగారక గ్రహం, బాగా లేడు. మందూ ఒకటే, పగడం. బంగారంలో పొదిగించి, మంగళవారం పొద్దున్నే, కుడిచేతి ఉంగరపు వేలికి.

ముందు సిద్ధాంతిగారు దాన్ని పచ్చిపాలలో ముంచుతారు. పగడం రాయి కాదు. మధ్యధరా సముద్రపు అడుగున వేలాది బుల్లి జీవులు కట్టుకున్న అస్థిపంజరం. ఏడాదికి ఒక మిల్లీమీటరు మందం కూడా పెరగదు. కోడిగుడ్డు పెంకులో ఉన్న కాల్షియం కార్బొనేటే ఇందులోనూ ఉంది. గుడ్డు పేరెత్తితే ముక్కు మూసుకునే ఇళ్లలోనే ఈ ఎముకకు పాలాభిషేకం!

ఉంగరం అడుగున కన్నం కూడా ఉండాలట, కుజుడి కిరణాలు రాయిలోంచి దూరి వేలికి తగలాలి కదా. సగటున 22 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరం దాటి రావాలి పాపం. అదే పగడాన్ని కంటికి అడ్డం పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న సిద్ధాంతిగారే కనిపించరు.

అసలు చిక్కు భోజనం దగ్గర. పగడానికి పులుపు పడదు. నిమ్మరసం తగిలితే నురగ కక్కుతుంది, చెమటకే కళ తప్పుతుంది. అలాంటిదాన్ని కుడిచేత్తో పులిహోర కలుపుకునే జాతికి కుడిచేతికే తొడిగారు! పొద్దున చింతకాయ పచ్చడి, మధ్యాహ్నం పులుసు, రాత్రి చారు. పూటకింత చొప్పున గ్రహం అన్నంలో కలిసి కడుపులోకి పోతోంది. నిలదీస్తే “లోపలికి వెళ్తే ఇంకా మంచిది” అంటారేమో, ఆ ధైర్యం వారికుంది.

మంగళవారం కుజుడి రోజని జాతకాలు నమ్మేవాళ్లకు భయం. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగేది మంగళవారమే. ఆ రోజు లక్షల మందిలో ఎవరికీ కుజుడు గుర్తు రాడు.

నేపుల్స్ పక్కన తొర్రె దెల్ గ్రెకోలో తరతరాలుగా పగడాలు చెక్కుతున్నారు. అక్కడా దిష్టికి ఎర్ర పగడపు కొమ్ము మెడలో వేసుకుంటారు. వేసుకోనివ్వండి, ముచ్చట.

ఇక్కడ ముచ్చటతో ఆగదు. అబ్బాయికి కుజదోషముంటే “శాంతి చేయించేస్తాం లెండి.” అమ్మాయికుంటే మొగుణ్ని మింగేస్తుందట! ఎవరు చూశారయ్యా మింగడం? జూట్ మిల్లు మూతపడి, హైదరాబాదులో వాచ్‌మన్‌గా కుదిరిన తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆ ఉంగరం కొంటాడు. అది పగడమో రంగు వేసిన గాజో ఆయనకు తెలియదు. డిగ్రీ చదివిన పిల్ల నేరస్థురాలిలా చెయ్యి చాపి కూర్చుంటుంది. సిగ్గుండాలి! సిద్ధాంతికి, దుకాణదారుకు, జాతకం అడిగిన వియ్యాలవారికి, అందరికీ!

ఉంగరం తొడిగాక కూడా సంబంధం కుదరలేదని అదే దుకాణానికి తిరిగి తీసుకెళ్లి చూడండి. బంగారానికే లెక్క కడతారు, తరుగు పోను. పగడాన్ని మాత్రం ఊడదీసి, “దీనికి విలువ కట్టం” అంటూ కాగితంలో చుట్టి మీ చేతిలో పెడతారు.