ఉద్దానం జబ్బు మనది, జర్నల్ ఎవరిది?

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. కారణం తేలని కిడ్నీ జబ్బుతో బాధపడే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లివి. విశాఖ కేజీహెచ్ డాక్టర్లకు ఈ పేర్లు మ్యాపు చూసి తెలిసినవి కావు, కిడ్నీ రోగుల కేస్ షీట్ల మీద చూసి చూసి కంఠతా వచ్చినవి. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్న ఊరు ఇది. ఇక్కడి నుంచి దేశం ఎదురుచూసి చదివే వైద్య పత్రిక ఒక్కటీ ఎందుకు రావట్లేదంటే డబ్బు లేదంటారు. డబ్బు సంగతి తర్వాత. అసలు మంచి పరిశోధన పేపర్ మన పత్రికకు ఎవరిస్తారు?

మెడికల్ కాలేజీలో ప్రమోషన్ కావాలంటే ఇండెక్స్ జర్నల్‌లో, అంటే గుర్తింపున్న సూచికలోకి ఎక్కిన పత్రికలో, పేపర్ పడాలి. జాతీయ వైద్య కమిషన్ 2022లో పెట్టిన నిబంధన అదే. పబ్‌మెడ్ లాంటి సూచికలో చేరాలంటే పత్రిక క్రమం తప్పకుండా, నాణ్యంగా రావాలి. సూచికలో లేని పత్రికకు పేపర్లు రావు, పేపర్లు లేకుండా సంచిక రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు! ఈలోగా ఎడిటర్‌గారు ఓపీ ముగించుకుని, జీతం లేని ఆ కొలువులో రాత్రిళ్లు, పేపర్ల బాగోగులు తేల్చే రివ్యూయర్లకు ఫోన్లు చేస్తుంటారు.

పోనీ బయటికి పంపుదామా? ఎవరైనా ఉచితంగా చదువుకునే ఓపెన్ యాక్సెస్ పత్రికల్లో రాసినవాళ్లు రెండు వేల డాలర్ల ఫీజు కట్టడం మామూలే. పేద దేశాలకిచ్చే మినహాయింపు చాలా ప్రచురణ సంస్థల దగ్గర మనకు వర్తించదు. అంత పెట్టలేనివాళ్లు, డబ్బు కడితే చాలు ఏదైనా అచ్చేసే దుకాణాలకు చిక్కుతారు. అలాంటి వ్యాపారానికే హైదరాబాద్‌కు చెందిన ఒమిక్స్ సంస్థను 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లు కట్టమంది.

స్థానిక పత్రికంటే తెలిసినవాళ్ల పేపర్లే వేసుకుంటారని ఒక వాదన. నిజమే, వేసుకున్నవాళ్లున్నారు. అందుకు రివ్యూ గట్టిగా చెయ్యాలి గానీ పత్రికే వద్దంటే ఎలా?

జర్నళ్లు చదవడానికి కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద మూడేళ్లకు 6,000 కోట్లు పెడుతోంది. మంచిదే. అందులో పిసరంత ఇస్తే మన పత్రికలు జీతమిచ్చి ఎడిటర్లను పెట్టుకోవూ?

ఆ పత్రికలో ప్రతి పేపర్‌కూ ఒక పేజీ తెలుగు సారాంశం ఉండాలంటాను. ఎగతాళి చేసే మిత్రులున్నారు, చెయ్యనివ్వండి. పరిశోధనకు రక్తం ఇచ్చిన జీడితోట కూలీ ఇన్నేళ్లుగా అడుగుతున్నది ఒక్కటే: "నీళ్ల వల్లేనా బాబూ?" ఇంకా తేలలేదన్న జవాబైనా సరే, అతను చదవగలిగే మాటల్లో అచ్చవ్వాలి.