మెయిలుకి తాళమా, సంతకమా?

(బాబాయ్ రిటైరైన ఆడిటర్. శిరీష సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంటి మెయిళ్లన్నీ ఇకపై పీజీపీలోనే, అంటే మెయిల్‌ని వేరేవాళ్లు చదవకుండా తాళం వేసి, పంపినవాళ్ల డిజిటల్ సంతకం కూడా పెట్టే సాఫ్ట్‌వేర్‌తోనే పంపుకుందామని బాబాయ్ పట్టు.)

బాబాయ్: పాన్ కార్డులు, ఇంటి దస్తావేజులు అన్నీ మెయిల్లోనే తిరుగుతున్నాయి. దారిలో ఎవరూ చదవలేరంటావు, సరే. సర్వర్‌కి చేరాక?

శిరీష: కంపెనీ చదవగలదు, కాదనను. 2017 దాకా గూగుల్ ప్రకటనల కోసం జీమెయిళ్లను మెషీన్లతో చదివించింది కూడా.

బాబాయ్: మరింకేం! 1991లో జిమ్మర్‌మన్ అనే ప్రోగ్రామర్ తను రాసిన పీజీపీని బయట పెడితే, ఆయుధాల ఎగుమతి చట్టం కింద అమెరికా ఆయన మీద విచారణ పెట్టి 1996లో గానీ వదల్లేదు. ప్రభుత్వాన్నే అంత కంగారు పెట్టిన తాళం అది.

శిరీష: తాళం గట్టిదే. వేసేవాళ్లతోనే చిక్కు. 1999లో వచ్చిన ఒక పరిశోధనలో 12 మందికి గంటన్నర టైమిచ్చి పీజీపీతో మెయిల్ పంపమన్నారు. ముగ్గురు రహస్యాన్ని తాళం వేయకుండానే పంపేశారు.

బాబాయ్: ఎప్పటి మాట అది! 2020 నుంచి థండర్‌బర్డ్ అనే మెయిల్ యాప్‌లోనే పీజీపీ ఉందమ్మా, సబ్జెక్టు లైను కూడా దాస్తుంది.

శిరీష: ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారన్నది దాగదుగా. అది దాస్తే మెయిల్ చేరేదెలా? నీ ప్రైవేట్ కీ, అంటే ఆ తాళం తెరిచే నీ రహస్య కోడ్, ఎవడి చేతికైనా చిక్కిందనుకో, వాడి దగ్గరున్న నీ పాత మెయిళ్లన్నీ తెరుచుకుంటాయి. సిగ్నల్ మెసేజింగ్ యాప్‌లో అయితే కీలు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి. పోనీ నువ్వే కీ పోగొట్టుకుంటే నీ మెయిళ్లు నీకే దక్కవు. దస్తావేజు పంపాలంటే సిగ్నల్‌లో పంపు బాబాయ్.

బాబాయ్: రహస్యం సంగతి వదిలెయ్. సంతకం మాటేమిటి? నా పాత క్లయింటు ఒకాయనకి సప్లయర్ పేరుతో మెయిల్ వచ్చింది, “మా బ్యాంకు ఖాతా మారింది” అని. అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా. డబ్బు కట్టేశాడు. సప్లయర్ మెయిళ్లు ఎప్పుడూ డిజిటల్ సంతకంతో వస్తుంటే, ఆ రోజు అది లేదని అనుమానం వచ్చేది. సంతకం చేశాక మెయిల్లో ఒక్క అంకె మార్చినా పట్టుబడుతుంది.

శిరీష: సంతకాన్ని సరిచూసే ఆ కీ సప్లయర్‌దేనని ఎవరు చెప్పారు? అతని పేరుతో ఎవడైనా కీ చేసుకోవచ్చు.

బాబాయ్: ఫోన్ చేసి ఆ కీ ఫింగర్‌ప్రింట్, అంటే దాని గుర్తింపు కోడ్, చదివించుకోవాలి. 40 అక్షరాలు, అంకెలు కలిపి.

శిరీష: ఫోన్ చేసేవాడు ఖాతా నంబరే అడగొచ్చుగా!

బాబాయ్: ప్రతి బిల్లుకీ అడుగుతాడా? ఇది ఒక్కసారి చదివించుకుంటే కీ మారేదాకా పనికొస్తుంది.

శిరీష: (కాసేపు ఆగి) ఇది ఒప్పుకుంటా. కానీ కోర్టులో నీ పీజీపీ సంతకానికి చేతి సంతకం హోదా లేదు. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం లైసెన్సున్న సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి. మీ ఆడిటర్లు వాడే డీఎస్‌సీ టోకెన్, అంటే ఆ సర్టిఫికెట్ ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది, అదే.

బాబాయ్: టోకెన్ల ఊసెత్తకు. క్లయింట్లవన్నీ పిన్ చీటీలతో సహా నా డ్రాయర్లోనే ఉండేవి.

శిరీష: అంటే వాళ్లందరి సంతకాలూ నువ్వే పెట్టేవాడివి!

బాబాయ్: అందరూ చేసేదే... అందుకే ఈ కీ ఎవరికీ ఇవ్వనంటున్నా.

శిరీష: సరే, ఫింగర్‌ప్రింట్ చదువు, రాసుకుంటా. నీ సంతకం సరిచూస్తా. తాళం మాత్రం నేను వేయను.