బంగాళాఖాతం ఊపిరి లెక్క విశాఖలోనే రాయాలి

సముద్రపు నీటిలో ఆక్సిజన్ ఎంతుందో తేల్చడానికి 1888 నాటి వింక్లర్ పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నారు. గాజుసీసాలో గాలిబుడగ లేకుండా నీళ్లు పట్టాలి. అందులో మాంగనీస్ ద్రావణం, క్షార అయొడైడ్ కొంచెం కొంచెం వేసి, మూత బిగించి తలకిందులు చేయాలి. చూస్తుండగానే గోధుమరంగు మడ్డి కడుతుంది. రంగు ఎంత ముదిరితే ఆక్సిజన్ అంత ఉన్నట్టు. విశాఖ నుంచి లోతు సముద్రంలోకి వెళ్లి 150 మీటర్ల కిందినుంచి నీళ్లు తోడి ఇదే పని చేస్తే మడ్డి దాదాపు తెల్లగా ఉండిపోతుంది.

ఆ తెలుపు గురించి 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థ (ఎన్ఐఓ) వాళ్లు, డెన్మార్క్, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని అది. వింక్లర్‌కు అందనంత సూక్ష్మమైన సెన్సార్లు దించి చూస్తే, ఆక్సిజన్ లేదనుకున్న పొరలో లీటరుకు 10 నుంచి 200 నానోమోల్స్ కనిపించింది. పైపొరలో ఉండేదాంట్లో వెయ్యో వంతుకు మించదు. ఆ పిసరే బంగాళాఖాతాన్ని కాపాడుతోంది. అది కూడా పోతే సూక్ష్మజీవులు నైట్రేట్ మీద పడి బతుకుతాయి, సముద్రానికి ఎరువు కావాల్సిన నత్రజని వాయువై గాలిలో కలిసిపోతుంది. అరేబియా సముద్రంలో ఇప్పటికే పెద్ద ఎత్తున జరుగుతున్నది ఇదే.

మరి ఆ పిసరు ఎన్నాళ్లుంటుంది? దాన్ని అటో ఇటో నెట్టే శక్తుల్లో కొన్ని మన పొలాల నుంచీ మన నదుల నుంచీ బయల్దేరుతున్నవే. డెల్టాల్లో చల్లే యూరియాలో పంటకు పట్టనిది కాలువల మీదుగా సముద్రం దారి పట్టి అక్కడ నాచును పెంచుతుంది. నదుల మంచినీరు పైన మూతలా పరుచుకుని గాలి కిందికి దిగకుండా ఆపుతుంది. నదులు మోసుకొచ్చే బంకమట్టి మరో పని చేస్తుంది: చచ్చిన నాచుకు బరువై అంటుకుని, అది మధ్యలో కుళ్లి ఆక్సిజన్ తినేయకముందే అడుగుకు లాక్కుపోతుందని శాస్త్రవేత్తల అంచనా. అదే నిజమైతే, గోదావరి, కృష్ణల మట్టి ఆనకట్టల వెనక ఆగిపోయిన కొద్దీ సముద్రం ఊపిరి ఏమవుతోంది? తెలుగు విద్యార్థికి ఇంతకంటే గొప్ప పీహెచ్‌డీ ప్రశ్న నాకు కనిపించడం లేదు.

ఒక ఓడ ఒకసారి వచ్చి వెళ్తే దీనికి జవాబు దొరకదు. ఒకే చోట, నెలనెలా, పదులకొద్దీ ఏళ్లు సీసాలు నింపాలి. హవాయి దగ్గర అలోహా కేంద్రంలో 1988 నుంచి ఆ పని జరుగుతోంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతోందని లోకం నమ్మిందంటే 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద అమెరికా శాస్త్రవేత్త కీలింగ్ మొదలుపెట్టిన కొలత దశాబ్దాలపాటు సాగినందువల్లే. విశాఖ ఎదుట సముద్రంలో ఒక చోటు గుర్తించి, దాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థుల చేతికివ్వాలి. ఒకరి థీసిస్ ముగిసిన రోజే లాగ్‌బుక్ తర్వాతివాళ్ల చేతిలో పడాలి.

ఇది ఆ విశ్వవిద్యాలయానికి కొత్త బరువేమీ కాదు. 1950లలోనే అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ వాల్తేరు వచ్చి, మన విద్యార్థులతో కలిసి ఈ తీరంలో అడుగునీరు పైకి ఉబికి రావడాన్ని లెక్కకట్టారు. సముద్రం అడుగున కనిపెట్టిన ఒక లోయకు ఆంధ్ర అని, మరొకదానికి ఇక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు మహాదేవన్ పేరు పెట్టారు. ఎన్ఐఓ పుట్టింది 1966లో. అంతకు పదేళ్ల ముందే వాల్తేరులో సముద్రం పాఠమైంది.

ఇప్పటి పరిశోధకుడి కాలం ఎలా గడుస్తోందో చూడండి. మొదటి ఏడాది కోర్సువర్కు. తర్వాత పడవ కోసం తిరుగుడు. నమూనాలు చేతికొచ్చాక లోహాలు కొలిచే యంత్రం దగ్గర వరస, వరస వచ్చేసరికి ఆ యంత్రానికి కావాల్సిన ఆర్గాన్ వాయువు సిలిండర్ ఖాళీ. నెట్ పరీక్ష గట్టెక్కి జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి వచ్చినవాళ్లకు నెలకు 37,000 రూపాయలు. రానివాళ్లు ఏదో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ సెలవుల్లో నమూనాలు తెస్తారు. చివరకు రెండు రుతువులు, ముప్పై సీసాలతో థీసిస్ కట్టేస్తారు. తప్పు పిల్లలది కాదు. లోతైన సముద్ర మిషన్‌కు 2021లో కేంద్రం 4,077 కోట్లు ఆమోదించింది. 6,000 మీటర్ల లోతుకు మనిషిని దించాలనుకుంటున్న దేశం తీరం పక్కన నెలకొక్క పడవను నడపలేదా?

హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది, ఆర్గో ఫ్లోట్లు అనే తేలియాడే పరికరాలు వాటంతటవే కొలిచి ఉపగ్రహానికి పంపుతున్నాయి, ఇక పడవలెందుకని అడిగేవాళ్లున్నారు. ఫ్లోట్లు అవసరమే. కానీ అవి లోతు సముద్రం కోసం చేసినవి, వేటపడవలు తిరిగే లోతుల్లో పనికిరావు. పాదరసం, సీసం, కాడ్మియం కొలవవు. అందుకు యాసిడ్‌తో కడిగిన సీసా, దాన్ని పట్టుకోవడం నేర్చిన చెయ్యి కావాలి. సముద్రంలో సీసం ఎంతుందన్న లెక్కలు దశాబ్దాలపాటు తప్పే. ఓడ తుప్పు, వేళ్ల మురికి నమూనాలో కలుస్తున్నాయని పసిగట్టి, గదినే కడిగి మళ్లీ కొలిచినవాడు అమెరికా శాస్త్రవేత్త పాటర్సన్. లోతు నీటికంటే పైనీటిలో సీసం ఎక్కువని, అది పెట్రోలు పొగ నుంచి దిగినదని అప్పుడే తేలింది.

మన నీళ్ల సంగతి మనకు పరాయివాళ్లు చెప్పడమే నాకు అన్నిటికన్నా బాధ. పటాన్‌చెరు మందుల కంపెనీల మురుగును శుద్ధి చేశాక వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో ప్రకటించింది స్వీడన్ పరిశోధకులు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదుకంటే అది ఎక్కువ. ఆ నీళ్ల పక్కన ఎన్ని కెమిస్ట్రీ విభాగాలున్నాయి మనకు!

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసేచోట ఒక పరిశోధక విద్యార్థి వెంట ఒక ఉదయం పడవెక్కాను. అతను సీసా తలకిందులు చేసి మడ్డి దిగేదాకా వెలుగుకు పట్టి చూస్తున్నాడు. తెడ్డు పట్టుకున్న ముసలాయన అడిగాడు: “ఏటి బాబూ, నా చిన్నతనంలో ఇక్కడ వల ఏస్తే బరువుకి లాగలేకపోయేవోళ్లం. ఈ నీళ్లకేటైనా అయిందా?”

కుర్రాడు సీసాను పెట్టెలో పెట్టి, “నా దగ్గర రెండేళ్ల లెక్కే ఉంది తాతా. అంతకుముందుది ఎవరూ నా చేతికివ్వలేదు” అన్నాడు.